డిపాజిట్‌కు ఏ దేశం పూచీయో రసీదు మీదే రాయాలి

సంపాదకులకు నమస్కారం.

గల్ఫ్‌లో పనిచేస్తున్న మా మేనల్లుడు మొన్న సెలవుకు వచ్చినప్పుడు ఒక మాట అడిగాడు. "మామయ్యా, నేను అక్కడ డబ్బు దాచుకుంటున్నది మన దేశపు బ్యాంకు శాఖలోనే. రేపు ఆ బ్యాంకు కూలిపోతే, మన దగ్గర డిపాజిట్లకు ఉన్న 5 లక్షల దాకా బీమా దానికీ వర్తిస్తుంది కదా?" వర్తించదురా అన్నాను. వాడు నమ్మలేదు. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుని రిటైరైన నేను చెప్పినా నమ్మలేదంటే ఆ తప్పు వాడిది కాదు. బోర్డు మీద మన బ్యాంకు పేరుంది. లోపల మాట్లాడేది మనవాళ్లే. డబ్బు దేశం బయట తీసుకుంటే మన డిపాజిట్ బీమా ఉండదని చట్టంలో ఉంది కానీ, ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. చేతికిచ్చిన కాగితం మీదా లేదు.

అదే హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకు శాఖలో డబ్బు వేస్తే మన బీమా ఉంటుంది. మన దగ్గర లెక్క అలాంటిది: బ్యాంకు ఎవరిదైనా సరే, డిపాజిట్ ఎక్కడ తీసుకున్నారన్నదే చూస్తారు. ఐరోపాలో లెక్క దీనికి తలకిందులు. అక్కడ ఒక దేశపు బ్యాంకు ఇంకో దేశంలో శాఖ తెరిస్తే, ఆ డిపాజిట్లకు పూచీ మొదట బ్యాంకు సొంత దేశానిదే. చదువుకున్న మనిషికే అంతుపట్టని ఈ తేడాల వల్ల ఏం జరిగిందో 2008లో ప్రపంచం చూసింది. మనం మాత్రం దాన్ని ఎవరికో వచ్చిన కష్టంగా చూసి వదిలేశాం.

ఐస్‌లాండ్‌కు చెందిన లాండ్స్‌బాంకీ 2006 అక్టోబరులో బ్రిటన్‌లో ఐస్‌సేవ్ పేరుతో ఆన్‌లైన్ ఖాతాలు మొదలుపెట్టింది. వడ్డీ 6 శాతానికి పైగా ఇచ్చింది. రిటైరైనవాళ్లు, ఇల్లు కొందామని పొదుపు చేసుకుంటున్నవాళ్లు, అందరూ వేశారు. రెండేళ్లు తిరిగేసరికి అక్కడ 3 లక్షల మందికి పైగా ఖాతాదారులు. ఐస్‌లాండ్ దేశం మొత్తం జనాభా కూడా ఇంచుమించు అంతే. ఆ దేశంలోని మూడు పెద్ద బ్యాంకుల ఆస్తులన్నీ కలిపితే దేశం ఏడాది సంపాదనకు దాదాపు పది రెట్లు. ఇంత భారానికి ఆ చిన్న దేశపు డిపాజిట్ హామీ నిధి ఏ మూలకు సరిపోతుంది? ఖాతా తెరిచేవాళ్లకు మాత్రం ఒక్కొక్కరికి 20,887 యూరోల దాకా ఆ నిధి చూసుకుంటుందని, ఆపైన కొంత బ్రిటన్ నిధి కలుపుతుందని చెప్పారు.

2008 అక్టోబరు 7న బ్యాంకు కూలింది. ఖాతాలోకి లాగిన్ అవబోతే వెబ్‌సైట్ తెరుచుకోలేదు. జీవితాంతం కూడబెట్టుకున్న సొమ్ము ఒక కంప్యూటర్ తెర వెనక ఇరుక్కుపోతే ఆ రాత్రి మనిషికి నిద్ర పడుతుందా? మర్నాడు బ్రిటన్ ఆర్థిక మంత్రి అలిస్టర్ డార్లింగ్ వ్యక్తిగత ఖాతాదారులందరికీ పూర్తిగా చెల్లిస్తామని ప్రకటించారు. అప్పటికి అక్కడి చట్టబద్ధమైన పరిమితి 50 వేల పౌండ్లు. అదీ ముందురోజే 35 వేల నుంచి పెంచారు. డార్లింగ్ ఆ ప్రకటన చేసిన రోజే ఉగ్రవాదాన్ని అడ్డుకోవడానికి 2001లో తెచ్చిన చట్టాన్ని వాడి ఆ బ్యాంకు ఆస్తులను స్తంభింపజేశారు. నెదర్లాండ్స్‌లో ఇదే ఐస్‌సేవ్‌లో డబ్బు పెట్టినవాళ్లకు లక్ష యూరోల దాకానే భరోసా దొరికింది. బ్యాంకు ఒకటే, ఖాతా ఒకటే. ఎంత వెనక్కి వస్తుందన్నది ఆ వారం ఏ ప్రభుత్వం ఏం నిర్ణయించిందో దాన్ని బట్టి తేలింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

బ్రిటన్‌లో స్థానిక సంస్థలు కూడా వందకు పైగా ఐస్‌లాండ్ బ్యాంకుల్లో ప్రజల సొమ్ము దాచాయి. కెంట్ కౌంటీ ఒక్కదానివే 5 కోట్ల పౌండ్లు. వ్యక్తిగత ఖాతాలకు ఇచ్చిన హామీ వాళ్లకు లేదు. ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే వారంలో ఐస్‌లాండ్‌కే చెందిన కౌప్తింగ్ బ్యాంకు కూడా పడిపోయింది. కానీ దాని బ్రిటన్ వ్యాపారం అక్కడి చట్టం కింద రిజిస్టరైన విడి అనుబంధ సంస్థ. అందువల్ల బ్రిటన్ నిధే నేరుగా బాధ్యత తీసుకుంది. ఆన్‌లైన్ ఖాతాలను వెంటనే మరో బ్యాంకుకు బదిలీ చేశారు. శాఖ అయితే ఒక రకం, అనుబంధ సంస్థ అయితే ఇంకో రకం. డబ్బు వేసేవాడికి రెండూ బ్యాంకులే. ఈ అనుభవం తర్వాత బ్రిటన్ నియంత్రణ సంస్థలు విదేశీ బ్యాంకుల రిటైల్ డిపాజిట్ల విషయంలో గట్టిగా ఉంటూ వచ్చాయి. మన స్టేట్ బ్యాంకు కూడా 2018లో అక్కడి రిటైల్ వ్యాపారాన్ని విడి అనుబంధ సంస్థ కిందకు తెచ్చింది. అక్కడున్న మన తెలుగు డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అందులో వేసుకునే డబ్బుకు ఇప్పుడు బ్రిటన్ రక్షణే ఉంది. ఈ సంగతి వాళ్లలో ఎంతమందికి తెలుసు?

తమ ఖాతాదారులకు చెల్లించిన సొమ్మును ఐస్‌లాండ్ తిరిగి కట్టాలని బ్రిటన్, నెదర్లాండ్స్ అడిగాయి. కాదన్న ఐస్‌లాండ్ ప్రజలను నేను తప్పుపట్టను. ప్రైవేటు బ్యాంకు చేసిన అప్పును చేపలు పట్టి బతికే కుటుంబాల మీద ఎందుకు వేయాలని వాళ్లు అడిగారు. 2010లోనూ 2011లోనూ ఆ చెల్లింపు ఒప్పందాల మీద రెండుసార్లు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, రెండుసార్లూ కాదన్నారు. హామీ నిధి చేతులెత్తేస్తే ప్రభుత్వమే కట్టాలని ఐరోపా డిపాజిట్ హామీ నిబంధనలో లేదని 2013 జనవరిలో ఎఫ్టా కోర్టు (ఐస్‌లాండ్ సహా కొన్ని ఐరోపా దేశాల ఉమ్మడి న్యాయస్థానం) తీర్పు చెప్పింది. బ్యాంకు కూలే ముందురోజు ఐస్‌లాండ్ పార్లమెంటు ఒక చట్టం చేసి, మిగతా అప్పులవాళ్లందరికంటే ముందు డిపాజిటర్లను నిలబెట్టింది. అది గొప్ప పని. దానివల్లే ఆ బ్యాంకు ఆస్తులు అమ్మగా వచ్చిన డబ్బుతో డిపాజిట్ల బాకీ అంతా తీరింది, కాకపోతే 2016 దాకా పట్టింది. ఈలోగా బ్రిటన్, నెదర్లాండ్స్ ప్రభుత్వాలు ముందే చెల్లించాయి కాబట్టి మామూలు జనం బతికిపోయారు.

2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినప్పుడు అక్కడి ప్రభుత్వం డిపాజిటర్లందరినీ ఆదుకుంటామంది. ఆ బ్యాంకుకే చెందిన, అమెరికా బయట కేమన్ దీవుల్లో ఉన్న శాఖలో ఖాతాలున్న ఆసియా కస్టమర్లకు మాత్రం ఆ హామీ అందలేదు. వాళ్లను మామూలు అప్పులవాళ్ల వరుసలో నిలబెట్టారు. మా మేనల్లుడి ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు.

మన దగ్గర మంచి జరగలేదని అనను. 1993 నుంచి లక్ష దగ్గరే ఆగిపోయిన బీమా 2020 ఫిబ్రవరిలో 5 లక్షలైంది. బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెడితే 90 రోజుల్లో బీమా సొమ్ము చేతికందాలని 2021లో చట్టం సవరించారు. గతంలో సహకార బ్యాంకుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగినవాళ్లను కళ్లారా చూశాను కాబట్టి దాని విలువ నాకు తెలుసు. అయితే 27 ఏళ్లకు ఒకసారి పరిమితి పెంచితే కుదరదు. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి ఒకేసారి ఎఫ్‌డీ చేసుకునే రిటైర్డ్ ఉద్యోగికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షలు ఏ మూలకు?

రిజర్వు బ్యాంకును, కేంద్ర ఆర్థిక శాఖను నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ప్రతి ఎఫ్‌డీ రసీదు మీద, పాస్‌బుక్ మొదటి పేజీలో, యాప్‌లో ఖాతా తెరిచే చోట రెండు వాక్యాలు ఉండాలి: ఈ డబ్బుకు ఏ దేశపు బీమా ఉంది, ఎంత వరకు ఉంది. తెలుగు రాష్ట్రాల్లో అది తెలుగులో ఉండాలి, పెద్ద అక్షరాల్లో ఉండాలి. మన బ్యాంకుల విదేశీ శాఖలు మనవాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకునేటప్పుడు భారత బీమా వర్తించదని ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. ఎన్నారై డబ్బు ఇక్కడి శాఖలో ఎన్ఆర్ఈ ఖాతాలో ఉంటే బీమా ఉంటుందని కూడా ఆ కాగితంలోనే చెప్పాలి, అప్పుడు ఎక్కడ దాచుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు. గల్ఫ్‌కు వెళ్లే కార్మికులకు విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో దీనికి పది నిమిషాలు కేటాయిస్తే చాలు. నిజామాబాద్, జగిత్యాల, కడప, కోనసీమ నుంచి వెళ్లేవాళ్లు ఆ పది నిమిషాలు శ్రద్ధగా వింటారు.

మా మేనల్లుడు వచ్చే వారం తిరుగు ప్రయాణం. వెళ్లగానే ఆ శాఖకు వెళ్లి, "నా డబ్బుకు ఎవరు పూచీ?" అని రాతపూర్వకంగా అడగమని చెప్పాను. వాళ్లేం జవాబిస్తారో మీకు మళ్లీ రాస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
గుంటూరు