ఐదో రోజుకే లేచిపోయిన గోళ్ల సంగతి

గత నెలలో మా నెయిల్ సెలూన్లో జెల్ ఎక్స్‌టెన్షన్లు (ల్యాంప్ వెలుతురులో గట్టిపడే జెల్‌తో గోళ్లని పొడిగించడం) వేయించుకున్నవాళ్లలో ఏడుగురికి వారం తిరక్కుండానే గోళ్లు లేచాయి. ఒకావిడకైతే ఐదో రోజున తల దువ్వుకుంటుంటే చూపుడువేలి గోరు వెంట్రుకల్లో చిక్కుకుని ఊడొచ్చిందట. ఫోన్ చేసి తిట్టినవాళ్లు ఇద్దరు. ఏమీ అనకుండా మళ్లీ ఇటు రానివాళ్లు ఎందరో నాకు తెలీదు. ఆ ఏడుగురికీ చేసింది మా కొత్తమ్మాయే. ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది మాత్రం నేను. అందుకే ఈ సంజాయిషీ నేను రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు చెప్తాను. రెండు రోజుల కోర్సు చేశానని, సర్టిఫికెట్ ఉందని వచ్చింది. ఫోన్లో చూపించిన ఫొటోలు నిజంగానే బాగున్నాయి. అప్పటికే అపాయింట్‌మెంట్లు పేరుకుపోయి ఉన్నాయి, నాకు ఇంకో జత చేతులు కావాలి. నా ముందు ఒక సెట్ వేయించి చూసి, సరే అనేశాను. పదిహేను రోజుల తర్వాత అదే సెట్ ఎలా ఉందో చూసి గానీ సరే అనకూడదు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని, ఆ మాత్రం తెలియక కాదు. రద్దీలో చూసీ చూడనట్టు వదిలేశాను.

ఫిర్యాదులు వచ్చాక పక్కన కూర్చుని ఆమె పని చూశాను. బొమ్మ గీసే చెయ్యి అద్భుతం, నాకంటే సన్నటి గీత గీస్తుంది. గోరు సిద్ధం చేసే పని మాత్రం మూడు నిమిషాల్లో ముగించేస్తోంది. క్యూటికల్ అంటే గోరు మొదట్లో పైకి కనిపించే చర్మపు అంచు అనుకుంటోంది. అది బతికున్న చర్మం, దాని జోలికి పోకూడదు. అసలు క్యూటికల్ ఆ అంచు కింద నుంచి గోటి మీదకి పాకి అంటుకుపోయే చచ్చిన పొర. సీసా మీద లేబుల్ పీకేశాక మిగిలే జిగురులా ఉంటుంది, వెలుతురులో వాలుగా చూస్తే గానీ కంటికి ఆనదు. ఈమె ఉంచాల్సిన చర్మాన్ని కత్తిరించి, తీయాల్సిన పొరను వదిలేస్తోంది. అప్పుడు జెల్ పట్టుకునేది గోటిని కాదు, ఆ పొరని. పొర ఊడగానే జెల్ కూడా లేస్తుంది.

నేను పుషర్ అనే, ఆ పొరను నెట్టే చిన్న పనిముట్టుతో ఒక్క గోటి మీద మెల్లగా గీకి చూపించాను. పుషర్ అంచున సుద్దపొడిలా తెల్లగా పేరుకుంది. ‘ఇదంతా గోటి మీద ఉందా అక్కా’ అంది. ఉంది. రబ్బరు ప్రాక్టీస్ చేతికి మాత్రం ఉండదు. దానికి చెమట పట్టదు, నూనె ఊరదు, మంట పుడితే చెయ్యి వెనక్కి లాక్కోదు. ఆ రెండు రోజుల కోర్సు మొత్తం ఆ రబ్బరు చేతి మీదే నడిచిందట.

ఆ సాయంత్రం సామాన్లు సర్దుతూ ‘నాకిది రాదేమో అక్కా, మానేస్తాను’ అంది. కాసేపాగి, లేదంటే అప్పుచేసి ఇంకో పెద్ద కోర్సులో చేరతానంది. మొదటి కోర్సుకి చేసిన అప్పే ఇంకా తీరలేదు. ఆమెకి నేను చెప్పిన మాటలు మీకూ చెప్తున్నాను. మీలో ముగ్గురు ఈమధ్యే ఈ పని నేర్చుకోవాలంటే ఎలా అని అడిగారు మరి.

ముందు ఆ పెద్ద కోర్సు ఆలోచన పక్కన పెట్టమన్నాను. గోటితో పోయేదానికి గొడ్డలి దేనికి? ఆమెకి లేనిది కొత్త డిజైన్ కాదు, అలవాటు. మూడు నెలలు బొమ్మలు బంద్. ఒకే రంగు, పొట్టి గోళ్లు, రోజూ అదే పని. తన ఎడమచేతి మీద తనే వేసుకుని, ఒక నోట్‌బుక్‌లో తేదీ, వేలు, ఎన్నో రోజున లేచింది, ఏ వైపు నుంచి లేచింది రాసుకోవాలి. ఆ ‘ఏ వైపు’ అన్న ఒక్క మాటలో సగం చదువు ఉంది. క్యూటికల్ దగ్గర లేస్తే గోరు సరిగ్గా శుభ్రం కాలేదని, లేదా జెల్ చర్మానికి తగిలిందని. కొసన ఊడుతుంటే అంచుని జెల్‌తో మూయలేదని. మధ్యలో పగిలితే, గోరు వంగే చోట ఉండాల్సిన ఎత్తు, అదే మేం ఏపెక్స్ అనేది, అక్కడ కట్టలేదని. ఇక ముందు కస్టమర్ తిట్టేదాకా ఆగక్కర్లేదు, తన గోరే చెప్తుంది.

రేపెప్పుడైనా కోర్సుకి వెళ్తే డబ్బు కట్టేముందే అడగాల్సినవి అడగమన్నాను. ఒక టీచర్‌కి ఎంతమంది? సర్టిఫికెట్ ఇచ్చేలోపు నిజమైన మనుషుల చేతులు ఎన్ని చేయిస్తారు? గోటికి ఫంగస్ ఉందనో చర్మం వాచిందనో అనుమానం వస్తే ‘ఈరోజు చేయను, డాక్టర్‌కి చూపించండి’ అని చెప్పడం నేర్పుతారా? అన్నిటికంటే ముఖ్యంగా, రిమూవల్ నేర్పుతారా? తీయడం రానివాళ్లకి వేసే హక్కు లేదని నా మొండి అభిప్రాయం. సోక్-ఆఫ్ జెల్, అంటే నానబెట్టి తీసే రకం అయితే పై కోటు ఫైల్ చేసి, అసిటోన్ తడిపిన దూది పెట్టి, ఫాయిల్ చుట్టి 10–15 నిమిషాలు ఆగాలి. అప్పటికీ రాకపోతే మళ్లీ చుట్టాలి, అంతేగానీ గీకి లాగకూడదు. లైసెన్సు సంగతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల ఇన్ని గంటల శిక్షణ అని చట్టమే చెప్తుంది, కొన్నిచోట్ల అడిగే నాథుడే ఉండడు. అడిగేవాడు లేనిచోట రెండు రోజుల సర్టిఫికెట్‌కి విలువ మరీ తక్కువ.

ఇక చర్మం సంగతి. ఇది చెప్తున్నప్పుడు నా గొంతు కాస్త పెరిగిందని ఒప్పుకుంటాను. చాలా జెల్‌లలో హెమా అనే రసాయనం ఉంటుంది. పేరు పక్కింటి పిల్ల పేరులా ఉంటుంది గానీ, జెల్ వల్ల వచ్చే అలర్జీలకి ఎక్కువగా కారణం ఇదే. గట్టిపడని జెల్ మాటిమాటికీ చర్మానికి తగిలితే ఒకరోజు శరీరం ఎదురుతిరుగుతుంది, ఆ తర్వాత సాధారణంగా జీవితాంతం వదలదు. నేను కొత్తలో పక్కలకి కారిన జెల్‌ని ఉత్త వేలితో తుడిచేదాన్ని. రెండేళ్లకి వేళ్ల చివర్లు దురదలు పెట్టి, ఎండిన చెరువు నేలలా పగిలాయి. చర్మవ్యాధుల డాక్టర్ చర్మానికి ఏది పడదో చూసే ప్యాచ్ టెస్ట్ చేసి పేరు చెప్పారు. ఇప్పటికీ పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తే ముందు ఈ సంగతే చెప్తాను, పళ్లకి వాడే కొన్ని జిగుర్లలోనూ ఈ హెమా ఉంటుంది కాబట్టి. హెమా ఉన్న గోళ్ల ఉత్పత్తుల్ని వృత్తిలో ఉన్నవాళ్లే వాడాలని ఐరోపా సమాఖ్య 2020లోనే నిబంధన తెచ్చింది. జెల్ గట్టిపడటానికి కలిపే టీపీఓ అనే ఇంకో పదార్థాన్ని 2025 సెప్టెంబర్ 1 నుంచి అక్కడ కాస్మెటిక్స్‌లో నిషేధించారు. మా అల్మరాలో ఉన్న సీసాలన్నీ తిప్పి లేబుళ్లు చదివాను, టీపీఓ ఉన్నవి తీసి పక్కన పెట్టాను.

గ్లవ్స్ ఉన్నాయిగా అంది. ఉన్నాయి, కానీ ఈ రసాయనాలు నైట్రైల్ గ్లవ్‌లోంచి నిమిషాల్లోనే దూరిపోతాయి. జెల్ అంటుకుంటే ఆ గ్లవ్ వెంటనే మార్చాలి, తుడిచి కొనసాగించకూడదు. ల్యాంప్ కూడా ఏది పడితే అది పనికిరాదు. జెల్ ఒక కంపెనీది, ల్యాంప్ ఎక్కడో చవగ్గా దొరికింది అయితే కాంతి చాలకపోవచ్చు. పైన గాజులా గట్టిపడుతుంది, కింద పచ్చిగానే ఉంటుంది. చూసేవాళ్లకి తేడా తెలీదు, చర్మానికి తెలుస్తుంది.

ఇప్పుడు మీకు సంబంధించినవి. ఆ ఏడుగురికీ తీసి మళ్లీ వేయడం నా బాధ్యత, డబ్బు తీసుకోను. మళ్లీ వద్దు, తీసేస్తే చాలు అన్నా సరే, అదీ ఊరికే చేస్తాను. దయచేసి ఇంట్లో మీరే పీక్కోకండి. జెల్‌తోపాటు మీ గోటి పొరలు కూడా లేచొస్తాయి. చేతిగోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి పాడైన గోరు పూర్తిగా మారడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. లేచిన చోట ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే దాని మీద రంగు వేసి దాచకండి. తడి చేరి బ్యాక్టీరియా పెరిగిన గుర్తు అయ్యుండొచ్చు, జెల్ తీయించి డాక్టర్‌కి చూపించండి. గోళ్ల చుట్టూ దురద, నీటిపొక్కులు ఉన్నవాళ్లు నాకు చెప్పండి. మీకు ఇంక జెల్ వేయను. కోపం వచ్చినా సరే.

కొత్తమ్మాయి ప్రస్తుతం డబ్బిచ్చే కస్టమర్లకి చేయదు. దానివల్ల అపాయింట్‌మెంట్లు తగ్గాయి, కొందరు వారం పది రోజులు ఆగాల్సి వస్తోంది. నేను కూడా ఒక సెట్‌కి అరగంట ఎక్కువ పెట్టుకుంటున్నాను, చెప్పిన టైముకి లేస్తామని ఆశపడకండి. ఆమె నేర్చుకోవడానికి మనుషుల చేతులు కావాలి. మంగళ, గురువారాలు మధ్యాహ్నం, ఉచితం. ఓపిగ్గా మూడు గంటలు కూర్చోగలగాలి. డిజైన్ అడగకూడదు. 14వ రోజున వచ్చి చేతులు చూపించి తీరాలి, ఫొటో పంపితే చాలదు. నేను పక్కనే ఉంటాను. జెల్‌తో ఇంతకుముందు ఏ ఇబ్బంది వచ్చినవాళ్లూ దీనికి రావద్దు.

మానేస్తానన్న పిల్ల నోట్‌బుక్ నిన్నటికి 41వ రోజుకి వచ్చింది. తన ఎడమచేతికి వేసుకున్న సెట్‌కి 16 రోజులు నిండాయి, నాలుగు వేళ్లు చెక్కుచెదరలేదు. చిటికెనవేలు మాత్రం బయటి పక్క సన్నగా లేచింది. ‘ఎప్పుడూ ఈ పక్కే ఎందుకక్కా’ అని అడిగింది. వేలు తిప్పకుండా చెయ్యి కదలనిచ్చినంత మేరే ఫైల్ పెడుతోంది, ఆ మూల ఫైల్ అందడం లేదు. ఇవాళ మధ్యాహ్నం నుంచి ఆ మూల మీదే కూర్చున్నాం.