ఐదు మందుల పోలికకు జతకో టి-టెస్ట్ పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

మీ వ్యవసాయ పేజీలో మందుల ప్రయోగాల వార్తలు వస్తుంటాయి. ఫలానా మందు కొట్టిన మిరపలో తామరపురుగు బాగా తగ్గింది, మిగతావాటికంటే ఇదే మేలు అని రాస్తారు, ఆ మాట ఏ లెక్క మీద తేల్చారో మాత్రం ఉండదు. 2021లో నల్ల తామరపురుగు చేసిన నష్టం చూసిన మిరప రైతులు ఆ ఒక్క వాక్యం చదివి నేరుగా మందుల దుకాణానికి వెళ్తారు, అందుకే రాస్తున్నాను.

నాలుగు మందులు, ఏమీ కొట్టని మడి ఒకటి, మొత్తం ఐదు అనుకోండి. రెండేసి చొప్పున చూస్తే 10 జతలు. పీజీ విద్యార్థులు చాలామంది జతకో టి-టెస్ట్ (రెండు సగటుల మధ్య తేడాను పరీక్షించే లెక్క) చేసేసి, పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంకా ఎక్కువ, కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.05 కంటే తగ్గిన చోటల్లా తేడా ఉందని రాసేస్తారు. ఒక్కో టెస్టులో నూటికి 5 పొరపాటుకు ఒప్పుకున్నాం కదా, అలాంటివి 10 చేస్తే, ఏ మందూ పనిచేయకపోయినా ఎక్కడో ఒకచోట తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం 40 శాతం దాకా పోతుంది. ఒకే మడులను మళ్లీ మళ్లీ పోలుస్తున్నాం కాబట్టి నిజానికి కొంత తక్కువే ఉంటుంది గానీ, 5 శాతం మాత్రం కాదు.

డేటా మొత్తాన్ని ఒకేసారి అనోవాలో, అంటే అన్ని సగటులనూ కలిపి ఒకే పరీక్షలో పోల్చే లెక్కలో పెట్టాలి. 1920ల్లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ పొలం ప్రయోగాల మీద పనిచేస్తూ తీర్చిదిద్దిన పద్ధతి అది. ఆ తర్వాత మన ప్రశ్నను బట్టి టెస్ట్: ప్రతి మందునూ ఏమీ కొట్టని మడితో మాత్రమే పోల్చాలంటే డన్నెట్, అన్నిటినీ అన్నిటితో పోల్చాలంటే ట్యూకీ. మన దగ్గర అందరూ వాడే సీడీ, అదే క్రిటికల్ డిఫరెన్స్ (రెండు సగటుల తేడా ఇంత దాటితే తేడా ఉన్నట్టే అనే హద్దు), ట్రీట్‌మెంట్లు, అంటే పోల్చే మందులు ఎక్కువైతే పొరపాట్లను అదుపు చేయలేదు, అలవాటు కొద్దీ దాన్నే పట్టుకు వేలాడటం నాకు నచ్చదు. పురుగుల లెక్కలైతే వర్గమూలానికో లాగ్‌కో మార్చి చూడాలి, లేదా లెక్కింపులకు సరిపోయే మోడల్ వాడాలి. బ్లాకులుగా, అంటే పొలాన్ని ఒకేలాంటి భాగాలుగా విడదీసి ప్రతి భాగంలోనూ అన్ని మందులూ వేసిన ప్రయోగానికి క్రస్కల్-వాలిస్ టెస్ట్ చేయడం కూడా చూస్తుంటాం, అది బ్లాకులను అసలు పట్టించుకోదు, అక్కడ ఫ్రీడ్‌మన్ టెస్ట్ కావాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు, ఒకే మడిలో 10 మొక్కలు లెక్కపెట్టి 10 రెప్లికేషన్లు (ఒకే మందును వేర్వేరు మడుల్లో మళ్లీ మళ్లీ వేసి చూడటం) అనడం. మందు కొట్టింది మడికి, కాబట్టి లెక్కలో మడి ఒకటే, అందులో ఎన్ని మొక్కలు చూసినా సరే. ఈ తప్పు జరిగాక ఏ టెస్టు మార్చినా లాభం లేదు.

ఇకమీదట ఇలాంటి వార్త వేసేటప్పుడు ఎన్ని రెప్లికేషన్లు వేశారు, ఏ టెస్ట్ చేశారు, ఎకరాకు దిగుబడి తేడా ఎంత అని శాస్త్రవేత్తలను అడిగి రెండు లైన్లు కలపండి. చెప్పలేకపోతే ఆ మందు పేరు హెడ్డింగులో పెట్టకండి.

ఇట్లు,
గణాంకశాస్త్రం బోధించే ఒక పాఠకుడు, గుంటూరు