ఫిర్యాదు: మీ జీఆర్‌ఈ పదాల కోర్సులో తప్పు అర్థాలు, డబ్బు వాపసు గురించి

కస్టమర్ కేర్ విభాగం వారికి,

నమస్కారం. విదేశాల్లో పీజీ ప్రవేశానికి రాసే జీఆర్‌ఈ పరీక్ష కోసం జూన్‌లో మీ యాప్‌లో '3,000 జీఆర్‌ఈ పదాలు, తెలుగు అర్థాలతో' అనే కోర్సుకు 4,999 రూపాయలు కట్టాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ని. 'తెలుగు అర్థాలతో' అన్న మాట చూసే కొన్నాను. రోజుకు 30 పదాల చొప్పున రెండు నెలలు కంఠతా పట్టాను. వాటిలో చాలా అర్థాలు తప్పని మొన్న వేరేచోట మాక్ టెస్ట్ రాస్తే తెలిసింది.

'ఫ్రయబుల్'కి మీరిచ్చిన అర్థం 'వేయించదగిన'. నూనెకూ మూకుడుకూ ఈ మాటతో ఏ సంబంధమూ లేదండీ. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలిపోయేదాన్ని అలా అంటారు. సున్నుండ ఫ్రయబుల్, వంకాయ కాదు. 'ఎనర్వేట్' అంటే 'శక్తినిచ్చు' అని రాశారు. అసలు అర్థం నీరసపరచడం, అంటే పూర్తిగా తలకిందులు. 'నాయిసమ్' అంటే గోల కాదు, కంపు కొట్టేది. మాట పోలికను బట్టి ఏదో మిషన్ అంటించినట్టుంది తప్ప, తెలిసిన మనిషి ఒక్కరైనా చదివి చూసినట్టు లేదు.

'డిసింటరెస్టెడ్'కి 'ఆసక్తి లేని' అని ఉంది. మామూలుగా అలా వాడేవాళ్లూ ఉన్నారు, ఒప్పుకుంటాను. కానీ జీఆర్‌ఈకి ముఖ్యంగా కావాల్సింది 'నిష్పక్షపాతమైన' అన్న అర్థం, అది ఎక్కడా లేదు. ఇక మీ వీక్లీ టెస్టుల్లో సగం వ్యతిరేక పదాలే. ఆ ప్రశ్నలను జీఆర్‌ఈలోంచి 2011లోనే తీసేశారు.

ఇప్పుడు 'ఎనర్వేట్' కనబడితే ముందు మీ అర్థమే నోటికొస్తోంది. 'కాదు, కాదు' అనుకుని వెనక్కి రావాల్సి వస్తోంది. 27 వెర్బల్ ప్రశ్నలకు 41 నిమిషాలే ఇచ్చే పరీక్షలో అంత టైమెక్కడిది?

చాట్‌లో అడిగితే మీ వాళ్లు '7 రోజులు దాటితే రీఫండ్ లేదు' అన్నారు. 7 రోజుల్లో నేను చదివింది 210 పదాలు. అర్థం తెలియకే కదా కొనుక్కున్నాం, అది తప్పని వారంలో ఎలా పట్టుకుంటాం?

26 స్క్రీన్‌షాట్లు జత చేశాను. నా డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. తప్పులు దిద్దిన జాబితా కోర్సు కొన్న అందరికీ పంపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నా పరీక్ష వచ్చే నెలలోనే. డబ్బు సంగతి తర్వాతైనా సరే, ఆ జాబితా మాత్రం ఈ వారమే పంపండి.

ఇట్లు,
మీ చందాదారు,
గుంటూరు