ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ను దేనితో సరిచూడాలి?

సంపాదకుల వారికి,

సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే), వచ్చినవారు ఎవరో ధ్రువీకరించే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే చోట ఒక అలవాటు పాతుకుపోయింది. ఒక వాక్యాన్ని తమ ప్రోగ్రాంతోనే ఎన్‌క్రిప్ట్ చేసి, దానితోనే డీక్రిప్ట్ చేసి, మొదటి వాక్యం తిరిగి వస్తే అంతా సవ్యంగా ఉందని తేల్చేస్తున్నారు. రెండు వైపులా ఒకే తప్పు దొర్లి ఉంటే ఈ పరీక్షకు అది ఎన్నటికీ దొరకదు. సరైన జవాబు ముందే తెలిసిన, బయటివారు ప్రకటించిన ఉదాహరణలతో పోల్చి చూడటం తప్పనిసరి.

టెస్ట్ వెక్టర్లు అనే ఈ ఉదాహరణలకు వెతుకులాట అక్కర్లేదు, ఖర్చు అంతకన్నా లేదు. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి 2001 నాటి అమెరికా ప్రభుత్వ ప్రమాణం ఫిప్స్ 197 అనుబంధంలో కీ (తాళంచెవిలా పనిచేసే సంఖ్య), ఇన్‌పుట్, చివరి ఫలితమే కాక లెక్కలోని ఒక్కో రౌండులో వచ్చే విలువలు కూడా ఉన్నాయి కాబట్టి, లెక్క ఏ మెట్టు దగ్గర తప్పిందో కూడా తెలుస్తుంది. సందేశం మారలేదని కీ సాయంతో ధ్రువీకరించే హెచ్‌మ్యాక్ పద్ధతికి ఆర్‌ఎఫ్‌సీ 4231 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఉంది. అందులో ఒకచోట కావాలనే 131 బైట్ల కీ ఇచ్చారు. బ్లాకు (ఒక విడతలో లెక్కించే డేటా ముక్క) పరిమాణాన్ని మించిన కీని ముందుగా హ్యాష్ చేయాలన్న, అంటే నిర్ణీత పొడవున్న విలువగా కుదించాలన్న నియమాన్ని మరచిన ప్రోగ్రాం, మామూలు కీలతో ఎంత చక్కగా పనిచేసినా, అక్కడ పట్టుబడుతుంది. సమయం ఆధారంగా పుట్టే ఓటీపీలకు ఆర్‌ఎఫ్‌సీ 6238లోని పట్టిక 1970 జనవరి 1 తర్వాత 59వ సెకనుతో మొదలవుతుంది. ఎస్‌హెచ్‌ఏ-1 అనే హ్యాష్ పద్ధతితో అప్పుడు రావాల్సిన ఎనిమిదంకెల జవాబు 94287082. అదే పట్టిక 2603వ సంవత్సరం దాకా వెళ్తుంది. సమయాన్ని 32 బిట్లలో కుదించి దాచుకున్న ప్రోగ్రాం ఆ వరుస దగ్గర తప్పుతుంది. ఇంత ముందుచూపుతో తయారైన పట్టికను తెరిచి చూడకపోవడం బాధాకరం.

అయితే సరైన జవాబు రావడం సగం పని మాత్రమే. తప్పుడు డిజిటల్ సంతకాన్ని, ఒక బిట్ మారిన సందేశాన్ని ప్రోగ్రాం తిరస్కరిస్తోందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. జావా 15 నుంచి 18 వరకు వెర్షన్లలో ఈసీడీఎస్‌ఏ అనే పద్ధతిలో చేసిన డిజిటల్ సంతకంలోని రెండు సంఖ్యలూ సున్నాలైనా చెల్లుబాటయ్యే లోపం ఉండేది. 2022 ఏప్రిల్‌లో దాన్ని సరిదిద్దారు. సరైన సంతకాలతో ఎన్నిసార్లు పరీక్షించినా ఆ లోపం కనిపించదు. ఇలాంటి లోపాలను బయటపెట్టే ఉదాహరణలను గూగుల్ ఇంజనీర్లు 2016లో వైచ్‌ప్రూఫ్ పేరిట అందరికీ అందుబాటులోకి తెచ్చారు.

పరీక్షల కోసం ఖాతాదారుల అసలు వివరాలను, అసలు పాస్‌వర్డులను వాడటం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అలాగే, ప్రచురితమైన పరీక్ష కీలు లోకమంతటికీ తెలిసినవే కనుక అవి విడుదలయ్యే ప్రోగ్రాంలో మిగిలిపోకుండా చూడాలి.

ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను కొనే సంస్థలు, ఏయే వెక్టర్లతో పరీక్షించారో, తిరస్కరించాల్సిన వాటిలో ఎన్నింటిని ప్రోగ్రాం తిరస్కరించిందో తెలిపే నివేదికను ఒప్పందంలోనే షరతుగా పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్