ఏడు రోజుల్లో నాలుగు దేశాలు: ఆ ప్లాన్ ఇక ఆపేస్తున్నాం

మా దగ్గర ట్రిప్‌లు ప్లాన్ చేయించుకునే అందరికీ,

వచ్చే సీజన్ నుంచి వారం రోజుల ట్రిప్‌లో రెండు దేశాలకు మించి పెట్టం. ఇన్నాళ్లూ మేం ఇస్తూ వచ్చిన ‘7 రోజులు, 4 దేశాలు’ ప్లాన్‌ను ఆపేస్తున్నాం. మా దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది అదే. అయినా ఎందుకు ఆపుతున్నామో, దాని బదులు ఏమిస్తామో దాపరికం లేకుండా చెబుతున్నాం.

ముందు లెక్క చూడండి. 7 రోజుల్లో మొదటిదీ చివరిదీ విమానాలకే పోతాయి. మిగిలేవి 5. నాలుగు దేశాలంటే మధ్యలో మూడుసార్లు ఊరు మారాలి, మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. అంటే నాలుగు దేశాలకూ కలిపి చేతికొచ్చేది మూడున్నర రోజులే. రెండు దేశాలైతే ఒక్కసారి మారితే చాలు, నాలుగున్నర రోజులు దక్కుతాయి.

‘పక్క దేశానికి రైల్లో రెండున్నర గంటలేగా, సగం రోజు ఎలా పోతుంది?’ అని చాలామంది అడుగుతారు. వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు మారడం చూద్దాం. రైలు సుమారు 2 గంటల 40 నిమిషాలు. సామాను సర్ది, గది ఖాళీ చేసి, బిల్లు చూసుకోవడానికి ముప్పావు గంట. హోటల్ నుంచి స్టేషన్‌కు అరగంట. ప్లాట్‌ఫాం వెతుక్కుని మన బోగీ వచ్చేచోట నిలబడటానికి ఇంకో అరగంట. దిగాక మళ్లీ హోటల్‌కు అరగంట, అక్కడ సామాను అప్పజెప్పడానికి పావుగంట. మొత్తం ఐదు గంటలు దాటింది. పైగా చాలా హోటళ్లలో 11 గంటలకల్లా గది ఖాళీ చేయాలి, కొత్త గది మధ్యాహ్నం 3 దాకా ఇవ్వరు. పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే ఆ మధ్య సమయం భారంగా గడుస్తుంది. మా పాత ప్లాన్లలో ఈ ప్రయాణానికి మూడు గంటలే రాసేవాళ్లం. తప్పు మాదే.

ఇంకో సంగతి. ఆ రైల్లో టికెట్టు వేరు, సీటు రిజర్వేషన్ వేరు. రిజర్వేషన్ తీసుకోకపోయినా ఎక్కనిస్తారు గానీ, వేసవి వారాంతాల్లో నిలబడాల్సి రావచ్చు. ఇకపై మేం ఇచ్చే ప్రతి రైలు టికెట్టుకూ సీటు కలిపే తీసుకుంటాం.

ఎక్కువ దేశాలు చూడాలనే కోరిక తప్పేమీ కాదు. దానికి మంచి దారి ఉంది: గది ఒక ఊళ్లోనే ఉంచుకుని పక్క దేశానికి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయడం. సామాను కదలదు, గది మారదు. దీనికి ఆస్ట్రియాలోని వియన్నా, స్లొవేకియాలోని బ్రాటిస్లావా జంటను మించింది లేదు. రైల్లో గంట ప్రయాణం, ఎండాకాలంలో డాన్యూబ్ మీద పడవ కూడా ఉంటుంది. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ నుంచి స్వీడన్‌లోని మాల్మోకు వంతెన మీదుగా రైలు 40 నిమిషాల లోపే. ఫిన్లాండ్‌లోని హెల్సింకి నుంచి ఎస్టోనియాలోని టాలిన్‌కు ఓడలో రెండు గంటలు పడుతుంది. బయలుదేరే సమయానికి చాలా ముందే గేటు మూసేస్తారు కాబట్టి రైలుకు వెళ్లినట్టు ఆఖరి నిమిషంలో వెళ్తే కుదరదు. సింగపూర్, మలేషియాలోని జోహోర్ బారు మధ్య కాజ్‌వే (నీళ్ల మీదుగా కట్టిన రోడ్డు) పొడవు కిలోమీటరు చిల్లరే. కానీ శుక్రవారం సాయంత్రం, ఆదివారం రాత్రి దాన్ని దాటడానికి గంటలు పట్టొచ్చు. అక్కడికి మంగళ, బుధవారాల్లోనే పెడతాం.

విమానం టికెట్ల విషయంలోనూ పద్ధతి మారుస్తున్నాం. ఇకపై వెళ్లేది ఒక ఊరికి, తిరుగు ప్రయాణం ఇంకో ఊరి నుంచి. బుకింగ్‌లో ‘మల్టీ సిటీ’ అని ఉండేది ఇదే. మొదటి ఊరికి వెనక్కి రావాల్సిన పని ఉండదు, సగం రోజు మిగులుతుంది. ఒక్కోసారి టికెట్టు కాస్త ఎక్కువ పడుతుంది, కానీ వెనక్కి వచ్చే రైలు ఖర్చు, అదనపు రాత్రి హోటల్ ఖర్చు కలిపి చూస్తే చాలాసార్లు ఇదే చవక.

విడివిడిగా కొన్న రెండు విమానాలను ఒకే రోజు కలపడం మాత్రం పూర్తిగా మానేస్తున్నాం. మొదటిది ఆలస్యమైతే రెండో సంస్థకు సంబంధం ఉండదు, టికెట్టు పోయినట్టే. ఒక నిర్ణీత రైలుకే చెల్లే చవక టికెట్టునూ విమానం దిగే రోజుకు కొనం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది వీసాలో. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. ఆ వీసా స్టిక్కర్ మీద ఎన్నిసార్లు లోపలికి రావచ్చో రాసి ఉంటుంది. 1 అని ఉంటే ఒక్కసారే. బయటికి అడుగు పెడితే గడువు ఇంకా ఉన్నా ఆ వీసా అయిపోయినట్టే. స్పెయిన్‌లోని తరీఫా నుంచి మొరాకోలోని టాంజియర్‌కు ఓడలో గంట ప్రయాణం, సరదాగా ఒక్కరోజు వెళ్లి రావచ్చనిపిస్తుంది. 1 ఉన్న వీసాతో వెళ్తే తిరిగి స్పెయిన్‌లోకి రానివ్వరు.

క్రొయేషియాలో ఈ చిక్కు ఇంకా సూక్ష్మం. ఆ దేశం 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది. అంతకు ముందు రాసిన సలహాలు ఇప్పుడు పనికిరావు. డుబ్రోవ్‌నిక్ నుంచి మాంటెనెగ్రోలోని కోటర్‌కు గానీ, బోస్నియాలోని మోస్తార్‌కు గానీ వెళ్తే షెంగెన్ దాటినట్టే. స్ప్లిట్ నుంచి డుబ్రోవ్‌నిక్‌కు పాత రోడ్డు కూడా నెయుమ్ దగ్గర బోస్నియాలోంచి పోతుంది. 2022 జూలైలో పెల్యేషాట్స్ వంతెన తెరిచాక క్రొయేషియా నేల దాటకుండానే వెళ్లొచ్చు, కానీ అన్ని బస్సులూ వంతెన మీదుగా వెళ్లవు. బస్సు దారి ఏదో తేల్చుకున్నాకే టికెట్టు కొంటాం.

వీసాకు ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది కూడా మన ఇష్టం కాదు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికే. సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి. ఆస్ట్రియాలో 3 రాత్రులు, హంగరీలో 4 అయితే హంగరీకే పెట్టాలి. అపాయింట్‌మెంట్ త్వరగా దొరికిందని వేరే దేశానికి పెట్టమని అడిగితే మేం పెట్టం. వీసా రోజుల లెక్కలో దిగిన రోజు, వెళ్లే రోజు రెండూ కలుస్తాయి: 8 రాత్రులంటే 9 రోజులు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, 15 రోజుల ముందు దాటితే తీసుకోరు. షెంగెన్ దాటి బయటికి వచ్చే తేదీ తర్వాత పాస్‌పోర్టుకు కనీసం 3 నెలల గడువు ఉండాలి.

షెంగెన్ లోపలి సరిహద్దుల్లో తనిఖీ ఉండదని పాస్‌పోర్టు హోటల్‌లో వదిలి వెళ్లకండి. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తాత్కాలిక తనిఖీలు పెట్టింది. రైల్లోకి వచ్చి అడుగుతారు.

కారు తీసుకునేవాళ్లకు రెండు మాటలు. సరిహద్దు దాటడానికి అద్దె సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుంటాం, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా వర్తించకపోవచ్చు. కారు వేరే దేశంలో వదిలితే ఆ రుసుము చాలా ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఎక్కిన దేశంలోనే దిగేలా ప్లాన్ చేస్తాం. కొన్ని దేశాల్లో హైవేల మీద విన్యెట్ (ముందుగా కొనే టోల్ స్టిక్కర్ లేదా ఈ-పాస్) కావాలి. ఆస్ట్రియా, స్లోవేనియా, హంగరీల్లో కొద్దిరోజులకు దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లో మాత్రం ఏడాదిదే, 40 ఫ్రాంకులు, ఒక్క రోజు నడిపినా అంతే. ఫోన్‌దీ అదే కథ: యూరోపియన్ యూనియన్‌లో పనిచేసే చాలా సిమ్‌లకు స్విట్జర్లాండ్‌లో రోమింగ్ విడిగా పడుతుంది.

ఇప్పటికే నాలుగు దేశాల ప్లాన్‌కు డబ్బు కట్టినవాళ్లు రెండు దేశాలకు మారాలనుకుంటే మా ఫీజు తీసుకోం. ఉచిత రద్దు గడువు దాటని హోటళ్ల డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది. వాపసు లేని రైలు టికెట్ల డబ్బు రాదు, దాన్ని మేం భరించలేం. వీసా వచ్చేసిన వాళ్లు మాత్రం, ఎక్కువ రాత్రులుండే దేశం మారకుండా చూసుకోవాలి. మార్పు అడిగే ముందు వీసా పేజీ ఫొటో పంపండి. ఎన్ని ప్రవేశాలు, ఎన్ని రోజులు, ఏ తేదీ దాకా అన్నవి చూశాకే కొత్త ప్లాన్ రాస్తాం.