డిపో గుమ్మాన్ని కొండ మీదికి జరపండి: పౌర సరఫరాల మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆహార, పౌర సరఫరాల శాఖ మంత్రి శ్రీ నాదెండ్ల మనోహర్ గారికి,

నమస్కారం.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ ఊళ్లలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు బడికి రాకపోతే ఇంటికెళ్లి కనుక్కునే అలవాటు ఉండేది. ఆ తిరుగుడులోనే ఏ ఊరికి రేషన్ డిపో ఎంత దూరమో, ఆ దూరం ఎవరి నెత్తిన పడుతోందో తెలిసింది. ఈ ఉత్తరం ఆ దూరం గురించే.

2025 జూన్ 1 నుంచి వీధుల్లోకి రేషన్ తెచ్చే ఎండీయూ బండ్లు ఆపేసి మళ్లీ చౌకధరల దుకాణాల్లోనే సరుకులు ఇస్తున్నారు. 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఇంటికే తెచ్చిస్తామన్నారు. బండి మేలా, దుకాణం మేలా అన్నదాని మీద మైదానంలో ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. మా దగ్గర మాత్రం బండి నడిచిన రోజుల్లోనూ అది రోడ్డు ఉన్నంతవరకే వచ్చింది. బండి పోయాక డిపో కూడా ఆ రోడ్డు పక్కనే ఉంది. రోడ్డు ఆగిన చోటు నుంచి ఇంటి గడప దాకా ఉన్న దారి మాత్రం అప్పుడూ ఇప్పుడూ మనిషి కాళ్ల మీదే నడుస్తోంది.

ఆ మధ్య ఒక డిపో దగ్గర చూసింది చెబుతాను. ఒకావిడ, అరవై దాటింది, అరవై అయిదు ఇంకా రాలేదు. కార్డులో ఆరుగురు. పసుపు ఉడకబెట్టి, చోడి (రాగి) చేలో కలుపు తీసి అరిగిపోయిన వేళ్లు. ఈ-పోస్ మిషన్ మీద బొటనవేలు పెడితే పడలేదు. చెంగుతో తుడుచుకుని చూపుడు వేలు పెట్టింది, అదీ పడలేదు. సేల్స్‌మన్ మంచివాడు, విసుక్కోలేదు. కాస్త తడి చేసి మళ్లీ పెట్టమన్నాడు. వేలు పడేసరికి సిగ్నల్ పోయింది. మిషన్ పట్టుకుని అతను ఎదురుగా ఉన్న మిట్ట ఎక్కాడు, వెనకాల వరుసంతా ఎక్కింది. వేలిముద్రలు అక్కడ, తూకం మళ్లీ కింద. ముప్ఫై కిలోల బియ్యాన్ని ఆవిడ రెండు మూటలు కట్టి, ఒకటి తెలిసినవాళ్ల అరుగు మీద పెట్టి, రెండోది నెత్తికెత్తుకుంది. గెడ్డ (వాగు) దాటాక రెండు గంటల ఎక్కుడు. అరుగు మీది మూట కోసం మర్నాడు మళ్లీ దిగాలి.

మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకైతే 35 కిలోలు. లెక్కకు సరిపోయింది, డబ్బు తీసుకోలేదు, తూకంలో మోసం లేదు. కానీ ఆ బియ్యం కోసం ఆవిడకు రెండు రోజులు పోయాయి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన ఉచిత బియ్యం ఆవిడకు కిలో ఇరవై రూపాయలకు పైనే పడింది. 1983లో కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చి దేశానికి దారి చూపిన రాష్ట్రం మనది. పథకం పేరు ఎన్ని సార్లు మారినా ఈ మోత ఖర్చును ఏ ప్రభుత్వమూ తన పద్దులో వేసుకోలేదు.

మోయలేనివాళ్లు ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. డిపో పక్కనే వచ్చినకాడికి అమ్మేసి, ఆ డబ్బుతో సంతలో ఉప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు కొనుక్కుని ఇల్లు చేరతారు. కాకినాడ పోర్టులో రేషన్ బియ్యం దొంగదారిని పట్టుకోవడానికి 2024లో మీరే స్వయంగా వెళ్లారు, సంతోషించాం. ఆ దారిలోకి వెళ్లే బియ్యంలో కొన్ని గింజలు ఇలా బరువు మోయలేక వదిలేసుకున్నవి కూడా ఉంటాయి. అమ్ముకున్నవాణ్ని నేరస్థుడిగా చూసే ముందు, ఆ మూట అతని ఇంటికి ఎంత దూరమో ఒకసారి అడగమని కోరుతున్నాను.

ఇప్పుడు డిపో వేళల సంగతి. ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. పట్నంలో కూలికి వెళ్లొచ్చేవాళ్లకు ఇది బాగుంటుంది. కొండ ఊరి మనిషి తెల్లారి గంజి తాగి బయల్దేరితే డిపో చేరేసరికి పదకొండు అవుతుంది. వరుస కదిలేలోపు పన్నెండు కొడుతుంది. ఇక నాలుగు దాకా చెట్టు కింద కూర్చోవాలి. నాలుగింటికి బియ్యం తీసుకుంటే చీకట్లో ఎక్కాలి. ఎలుగుబంట్లు తిరిగే దారుల్లో చీకటి పడ్డాక మూటతో ఎవరు వెళతారు? మా డిపోలకైనా ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఆపకుండా సరుకు ఇచ్చేలా ఆదేశం ఇప్పించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

వేలిముద్ర సంగతి కూడా అంతే. 2017లో ఝార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో ఆధార్ ముడిపెట్టలేదని ఒక కుటుంబం కార్డు తీసేశారు. ఆ ఇంట్లో పదకొండేళ్ల పాప చనిపోయింది. అన్నం అన్నం అంటూనే ప్రాణం విడిచిందని తల్లి చెప్పింది. ఆ తర్వాత అదే ఏడాది అక్టోబరులో కేంద్రం అన్ని రాష్ట్రాలకూ రాసింది: ఆధార్ లేదని, వేలిముద్ర పడలేదని, నెట్‌వర్క్ లేదని ఎవరికీ బియ్యం ఆపొద్దు, రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వండి అని. ఆ ఆదేశం మా సేల్స్‌మన్‌ల చేతిలో తెలుగులో రాసిన కాగితంగా ఉండాలి. రిజిస్టర్‌లో రాసి ఇస్తే రేపు తన జీతంలో కోస్తారేమోనన్న భయం అతనికి ఉన్నంతకాలం మిషన్ చెప్పిందే చట్టం.

ఇక అసలు విన్నపం. ఆహార భద్రత చట్టం ప్రకారం ధాన్యాన్ని చౌకధరల దుకాణం గుమ్మం దాకా చేర్చడం రాష్ట్రం బాధ్యత. అదే చట్టం 30వ సెక్షన్‌లో, మారుమూల, కొండ, గిరిజన ప్రాంతాల్లోని బలహీనుల మీద ప్రత్యేక దృష్టి పెట్టాలని రాసి ఉంది. ఈ రెండూ కలిపి చదవండి సార్. గుమ్మం దాకా తేవడం మీ పని అయినప్పుడు, ఆ గుమ్మాన్ని కొండ మీదికి జరపడం కూడా మీ చేతుల్లోనే ఉంది.

కొత్త భవనాలు అడగడం లేదు. నాలుగైదు పైఊళ్లకు నడిమధ్యన ఎక్కడో ఒక పాత బడి గదో, అంగన్‌వాడీ గదో దొరుకుతుంది. నెలకు రెండు రోజులు అక్కడ ఉప డిపో తెరవాలి. నడిపే పని అక్కడి డ్వాక్రా సంఘానికి ఇవ్వండి, కమీషన్ వాళ్లకే చెల్లించండి. ఎంఎల్ఎస్ పాయింట్ (మండల గోదాము) నుంచి రోడ్డు దాకా లారీకి రవాణా ఖర్చు ఇస్తున్నట్టే, రోడ్డు నుంచి పైకి గుర్రానికో, కావిడి మోసే కుర్రాళ్లకో, ట్రాక్టరు పోయే చోట ట్రాక్టరుకో కిరాయి కట్టివ్వండి. మా దగ్గర కాఫీ, మిరియాలు గుర్రాల మీదే కొండ దిగుతున్నాయి. అవే గుర్రాలు బియ్యంతో పైకెక్కుతాయి.

ఇది అయ్యే పని కాదని మీ అధికారులు అంటే, ప్రతి నెలా 1వ తేదీన ఏం జరుగుతోందో చూడమనండి. సచివాలయం ఉద్యోగి పింఛను డబ్బు పట్టుకుని అవే గెడ్డలు దాటి, అవే గట్లెక్కి ముసలివాళ్ల చేతిలో పెట్టి వస్తున్నారు. ఏ ఇంట్లో ఎవరున్నారో ప్రభుత్వానికి తెలుసు, దారీ తెలుసు. డబ్బు జేబులో పడుతుంది, బియ్యం పట్టదు. మిగిలింది ఆ బరువుకు కిరాయి ఇవ్వడమే. కేరళలో గిరిజన ఊళ్లకు సంచార రేషన్ దుకాణాలు నడుపుతున్నారు, అదొక దారి. మా నేలకు ఉప డిపోయే నప్పుతుందని నా నమ్మకం, ఎందుకంటే మా దగ్గర బండి తిరిగే దారే లేదు.

రోడ్లు వస్తున్నాయి కదా అనొచ్చు. 'అడవితల్లి బాట' కింద 1,005 కోట్ల రూపాయలతో రోడ్లు వేస్తామని 2025 ఏప్రిల్‌లో ఉప ముఖ్యమంత్రి గారు డుంబ్రిగుడ మండలానికి వచ్చి చెప్పారు. పూర్తయిన చోట రోగుల్ని డోలీల్లో మోయడం ఆగుతుందని ఎదురుచూస్తున్నాం. కానీ కొండ తొలచి రోడ్డు వేయడానికి ఏళ్లు పడుతుంది, ఆకలికి నెల గడువు కూడా ఉండదు.

బియ్యం ఒక్కటే పైకి చేరితే సగం పనే అయినట్టు. గిరిజన సహకార సంస్థను 1956లో పెట్టింది షావుకారు చేతిలో గిరిజనుడు మోసపోకూడదని. అడవి సరుకు న్యాయమైన ధరకు కొని, నిత్యావసరాలు న్యాయమైన ధరకు అమ్మాలన్నది దాని పుట్టుక. ఆ సంస్థ నడిపే డీఆర్ డిపో అంటే కొండవాడికి రేషన్ దుకాణమే కాదు, కిరాణా కొట్టు కూడా. పైఊళ్లలో వేరే కొట్టు ఉండదు. చేతిలో డబ్బున్నా కందిపప్పు కొనాలంటే వారపు సంత దాకా ఆగాలి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఒట్టి బియ్యంతో ఆ రక్తం రాదు. ఉప డిపో తెరిచే రెండు రోజుల్లో పప్పు, నూనె, ఉప్పు, గుడ్లు కూడా అక్కడ దొరకాలి. చోళ్లు, సామలు మా నేల పంటలే. వాటిని ఇక్కడే కొని ఇక్కడే ఇస్తే లారీ ఖర్చు కూడా తగ్గుతుంది.

వానాకాలం గురించి ఒక మాట. జూన్, జులై, ఆగస్టు బియ్యం ఒకేసారి ఇవ్వడానికి 2025లో కేంద్రం రాష్ట్రాలకు వీలు కల్పించింది. మంచి ఆలోచన. కానీ ఆరుగురి కుటుంబానికి మూడు నెలల బియ్యం 90 కిలోలు. డిపో దగ్గర ఇచ్చి తీసుకెళ్లమంటే అది శిక్షే. గెడ్డలు పొంగకముందే ఆ సరుకును పైఊరి గదిలో పెట్టిస్తే, వాన ఎన్ని రోజులు పట్టినా పొయ్యి వెలుగుతుంది. సరుకులిచ్చే గడువు, నెలలో 15వ తేదీ, దాటిందని, గెడ్డ పొంగి రాలేకపోయినవాళ్ల కోటా పోకుండా వచ్చే నెలకు కలిపి ఇచ్చే ఏర్పాటు కూడా ఉండాలి.

అన్ని మండలాల్లో ఒకేసారి చేయమని అడగను. పెదబయలుతోనో, అనంతగిరితోనో మొదలుపెట్టండి. ముందుగా సచివాలయాల వారీగా ప్రతి ఊరి నుంచి డిపోకు నడక ఎన్ని గంటలో రాయించండి. కిలోమీటర్లు రాస్తే మా కొండలు కాగితం మీద చదునైపోతాయి. ఏ ఊళ్లకు మధ్య గది దొరుకుతుందో, ఏ సంఘం నడపగలదో, ఎవరి దగ్గర గుర్రాలున్నాయో ఊరూరా తిరిగి జాబితా రాసిచ్చే పని మేం రిటైరైన పంతుళ్లం కొందరం చేస్తాం, జీతం అక్కర్లేదు. ఈ వానలు మొదలయ్యేలోపు పాడేరు ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు) మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు వస్తే ఆ మర్నాడే బయల్దేరతాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అల్లూరి సీతారామరాజు జిల్లా