కారు కొనేవాళ్లను తొందరపెట్టొద్దు

సంపాదకుడికి,

ఏనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన పైసలు డౌన్ పేమెంటుకు దాచుకుని, మా బాపు మొన్న నన్ను వెంటబెట్టుకుని హన్మకొండలోని ఓ షోరూంకు వచ్చాడు. "ఆఫర్ సాయంత్రం వరకే సార్, ఈ రంగులో ఇదొక్కటే ఉంది" అంటూ సేల్స్ అబ్బాయి బాపు చేతికి పెన్ను ఇచ్చాడు. కొటేషన్ అడిగితే గానీ రాలేదు. అందులో ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ చార్జీలు అన్నీ కలిపి ఒకే అంకె! విడివిడిగా రాయమంటే మొహం మాడ్చుకున్నాడు. వాళ్లిచ్చిన చాయ్ తాగిన మొహమాటానికి బాపు సంతకం పెట్టబోతుంటే నేనే ఆపాను.

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) తప్పనిసరే, కానీ ఏ కంపెనీలో తీసుకోవాలన్నది కొనేవాళ్ల ఇష్టం. ఆ ముక్క అక్కడ ఎవరూ చెప్పలేదు. ప్రతి ఖర్చునూ విడిగా రాసి షోరూం గోడకు పెట్టించాలని రవాణా శాఖ అధికారులను కోరుతున్నాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు కూడా ఆ పక్కనే ఉండాలి.

– ఒక రైతు కొడుకు, వరంగల్